ఒత్తు లేని బిస్కెట్

బేకరీ పైగది,
ఎండ ఇంకా దిగని సాయంత్రం.

అక్కా,

నీ మనవరాలు పిచ్చుక పెళ్లని మీవాడు కార్డు పంపాడు. నీకు కొడుకు, నాకు పేరుకి మేనల్లుడు. కార్డు మీద ‘కుటుంబ సమేతంగా రావలెను’ అని ఉంది. ఇక్కడ ఉన్నది నేనూ, గోడ మీద ఒక బల్లీ. దాన్ని కూడా వెంటబెట్టుకు రమ్మనా?

ఆ కార్డు చేత్తో చేసిందట. ఆ సంగతి వెనకాల చిన్న అక్షరాలతో అచ్చు వేయించారు. చేత్తో చేసినవాడు ఎక్కడన్నా ఆ మాట అచ్చు వేయించుకుంటాడా? ఇన్నేళ్లు బన్నులు చేశాను, ఒక్కదాని మీదైనా ‘ఇది బన్ను’ అని రాశానా? పైగా కార్డుకి ఎండిన పువ్వు ఒకటి అతికించారు. పోస్టులో వచ్చేసరికి పువ్వు రాలిపోయి కాడ మిగిలింది. శుభమా అని పెళ్లి చేస్తూ నాకు పుల్ల పంపారు.

సరే, అసలు విషయం. పెళ్లికి బిస్కెట్లు నేను చేస్తాను. అడగటం లేదు, చెబుతున్నా. ఆ పిల్ల పుట్టినప్పటినుంచి దాని ప్రతి పుట్టినరోజుకీ డబ్బా ఎక్కడినుంచి వెళ్లింది? నా పొయ్యి దగ్గరనుంచి. బిస్కెట్ మధ్యలో గుంటలో ఉన్న జామ్ మాత్రం పొడుచుకుని తినేసి, చుట్టూ ఉన్నది బుద్ధిగా డబ్బాలో పెట్టేసేది. అది చూసే కదా నేను పిచ్చుక అని పేరు పెట్టాను. ఇప్పుడు అది చదువుకుని పళ్ల డాక్టరయింది, తీపి తినొద్దని ఊరందరికీ చెబుతోంది, బాగానే ఉంది. కానీ దాని పెళ్లికి ఎవడో బయటివాడు బిస్కెట్లు చేస్తే, నేను వచ్చి కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాలా? నా బిస్కెట్లు లేని పెళ్లికి నేను రాను. ఈ మాట నీ కొడుక్కీ కోడలికీ నీ నోటితోనే చెప్పు.

ఇంకో సంగతి. ఈ ఉత్తరంలో ఒత్తులన్నీ ఉన్నాయి, కళ్లజోడు పెట్టుకుని చూసుకో. మనిషన్నాక నేర్చుకుంటాడు. ఇకమీదట నన్ను ఎగతాళి చేయడానికి మీకు ఏమీ మిగల్లేదు.

నీ తమ్ముడు

•

కొడుకు ఇల్లు, వంటింటి పక్క గది,
అందరూ ఆఫీసులకు పోయాక.

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం అందింది. ఎవరు రాశారు?

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నువ్వు నాకు ‘అకా’ అని రాశావు. అక్షరం కింద ఇంకో అక్షరం పెట్టడం నీ వల్ల కాలేదు. పంతులు గోడకుర్చీ వేయించాడు, నాన్న బెల్టు తీశాడు, ఏమీ లాభం లేకపోయింది. ‘బిస్కెట్ మధ్యలో బొటనవేలితో ఒత్తుతావు కదరా, అలాగే అక్షరం కింద కూడా ఒక ఒత్తు పెట్టు’ అని నేను బతిమాలితే నువ్వేమన్నావు? ‘ఉన్న ఒత్తులన్నీ బిస్కెట్లకే సరిపోతున్నాయి, కాగితాలకి ఎక్కడ తేను’ అన్నావు. నీ దుకాణం బోర్డు మీద ‘రొటెలు, బిసెటు’ అని రాయించి, పెయింటరు సరిదిద్దబోతే వాడి మీద డబ్బా విసిరావు. ఇవాళకీ ఆ వీధిలో నీది రొటెల దుకాణమే. అలాంటివాడు ఉన్నట్టుండి ‘పిచ్చుక’ దగ్గరనుంచి ‘చప్పట్లు’ దాకా ఒక్కటి తప్పకుండా రాశాడంటే నేను నమ్మాలా? అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నీవి చీమల్లా ఉండేవి, అదీ తరిమితే పారిపోతున్న చీమల్లా.

అది నీ చేతిరాత కాదు. ఎవరిదో చెప్పు. ఫోన్ మాత్రం చేయకు. నువ్వు అరుస్తావు, నాకు వినపడదు, వినకూడనివాళ్లందరికీ వినపడుతుంది.

బిస్కెట్ల మాట నా కోడలితో అన్నాను. ‘చాలా సంతోషం అత్తయ్యా, కానీ పెళ్లి అంతా కంపెనీకి అప్పగించాం, వాళ్లని అడగాలి’ అంది. వేడుకల కంపెనీ అట. దాని తరపున ఒకావిడ వస్తుంది. ఏది చూసినా ‘అబ్బబ్బ!’ అంటుంది. గుమ్మం చూసి అబ్బబ్బ, కుండీ చూసి అబ్బబ్బ, నన్ను చూసి కూడా ‘అబ్బబ్బ, ఇంట్లో ఎంత చక్కటి పాతకాలం మనిషి!’ అంది. నన్ను కూడా ఒక మూల పెట్టి పువ్వు అతికిస్తుందేమోనని భయంగా ఉంది. ఆవిడకి అబ్బబ్బ అనే పేరు పెట్టాను, మనిద్దరి మధ్యే ఉంచు.

ఈ పెళ్లిలో అన్నీ ‘ఇంట్లో చేసినట్టే’ ఉండాలట. ఇంట్లో చేస్తే సరిపోతుంది కదా అన్నాను. ‘అలా చేస్తే ఇంట్లో చేసినట్టు ఉండదు బామ్మగారూ’ అంది. నాకు సగమే వినపడిందనుకుని మళ్లీ అడిగాను. అదే అంది.

ఒక డబ్బా పంపు. రుచి చూసి, తలూపి, ఒప్పుకోవాలట. ఒప్పుకుంటే నీదే. నువ్వు రాకపోతే పిచ్చుక ఊరుకోదు, అది నీకూ తెలుసు. అందుకే ఎగురుతున్నావు.

అక్క

•

బేకరీ పైగది,
మబ్బు పట్టింది, పడటం లేదు.

అక్కా,

సరే, చెబుతున్నా. రాసేది కింద దుకాణం అమ్మాయి. బేకరీ మూశాక ఆ గది అద్దెకిచ్చాను కదా, జిరాక్సు మిషన్ పెట్టుకుంది. ఊళ్లోవాళ్లకి అర్జీలు కూడా రాసిపెడుతుంది. నేను చెబుతాను, ఆ జిరాక్సు రాస్తుంది. నా కళ్లజోడు పగిలింది, అంతకు మించి ఏమీ లేదు. చెయ్యి బాగానే ఉంది. చెయ్యి సంగతి ఎవరు అడిగారు, అది రాయకు. కొట్టెయ్యి.

ఈ పిల్లతో పెద్ద చిక్కు వచ్చిపడింది. నేను ఏమన్నా అదే రాస్తుంది. దగ్గితే దగ్గు కూడా రాసేలా ఉంది. ఒత్తులు మాత్రం అడక్కుండానే పెట్టేస్తుంది. ‘మా అక్కకి ఒత్తు లేకుండా రాయి, అలవాటు’ అంటే, ‘తప్పు రాయను తాతగారూ, నాకు పేరు పోతుంది’ అంది. వీధి చివర మిషన్ దుకాణానికి పేరట!

నాకు పరీక్ష పెడుతున్నారా? నాకు? ఆ అబ్బబ్బ పుట్టకముందే ఈ వీధిలో నా బిస్కెట్ తినని మనిషి లేడు. నా బిస్కెట్లు పళ్లెంలో పెడితే ఏది ఎక్కడ పెట్టానో నాకే తెలిసేది కాదు, అంత ఒకే కొలతలో ఉండేవి. ‘మిషన్ మీద చేసినట్టున్నాయే’ అని జనం నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. అంతకన్నా పొగడ్త ఇంకోటి ఉందా? ఇంట్లో చేసినవి దుకాణంలో కొన్నట్టు ఉండాలి, అదీ పనితనం. ఇది ఆవిడకి వివరంగా చెప్పు.

డబ్బా పంపుతున్నా. వెన్న ఎక్కువే వేశాను, పొయ్యి పక్కనుంచి కదల్లేదు. మీ గుమ్మంలోకి రాగానే వాసన వస్తుంది, చెవుడు ఉన్నవాళ్లకి కూడా తెలుస్తుంది. పిచ్చుకకి ముందు పెట్టకు, గుంటలు ఖాళీ చేసేస్తుంది. ముందు పరీక్షాధికారిణికి పెట్టు.

తలూపిన వెంటనే రాయి. పిండికీ వెన్నకీ ముందే చెప్పుకోవాలి.

నీ తమ్ముడు

•

కొడుకు ఇల్లు, వంటింటి పక్క గది,
వాన మొదలైంది, బట్టలన్నీ నా గదిలోనే ఆరుతున్నాయి.

తమ్ముడూ,

కూర్చున్నావా? కూర్చుని చదివించుకో.

అబ్బబ్బ వచ్చింది. డబ్బా మూత తీసింది. నోరు తెరిచింది కానీ అబ్బబ్బ రాలేదు. ఒక బిస్కెట్ తీసి వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. ‘బామ్మగారూ, ఇవి మిషన్ మీద చేసినవి కదా?’ అంది.

నేను నీ మాటలే చెప్పాను, నీ గర్వంతో సహా. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. చెవిటివాళ్ల భుజం ఎందుకు పట్టుకుంటారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ‘అన్నీ ఒకేలా ఉన్నాయండీ. చూసినవాళ్లు నమ్మరు. మనిషి చెయ్యి కనపడాలి. అంచు కొంచెం వంకర, అక్కడక్కడా ఒక పగులు, ఒక పక్క కాస్త మాడాలి’ అంది. వాళ్ల కంపెనీలో మాడ్చడానికి వేరుగా ఒక మనిషి ఉన్నాడట. జీతమిచ్చి! నిన్ను ఒక్కసారి రొట్టె మాడితే నాన్న ఇంట్లోకి రానివ్వలేదు, జ్ఞాపకం ఉందా? తొందరపడి పుట్టావు.

నీ ఒక్కడికే కాదు, నాకూ అయింది. పెళ్లిలో అతిథుల ఒళ్లో వేసుకునే గుడ్డలకి అంచులు నేనే కుడతానని కూర్చున్నాను కదా. జీవితమంతా దర్జీ పని చేశాను, నా కుట్టు వంకర అని ఒక్కరు అనలేదు. ఆవిడ చూసి, ‘కుట్లు మరీ వరసగా ఉన్నాయి బామ్మగారూ, మధ్యమధ్యలో తప్పండి’ అంది. తప్పకుండా కుట్టడానికి నా నడుము పోయింది, ఇప్పుడు తప్పడం నేర్చుకోవాలట. ఏం చేశానో తెలుసా? కళ్లజోడు తీసేసి కుట్టాను. ‘అబ్బబ్బ, అబ్బబ్బ’ అని రెండుసార్లు అంది. ఆ గుడ్డలు చూస్తే నాకు మొహం చెల్లడం లేదు. పెళ్లిలో నా ఒళ్లో మటుకు కొన్నదే వేసుకుంటాను.

కాబట్టి నీ బిస్కెట్లు కాదన్నారు. కోడలు పాపం గట్టిగానే అడిగింది, ఆవిడ వినలేదు. పిచ్చుక ఆస్పత్రినుంచి ఇంకా రాలేదు, దానికి చెప్పలేదు.

ఒక్క మాట. రుచి నీదే, అందులో అనుమానం లేదు. గుంటలు మాత్రం మరీ గుండ్రంగా ఉన్నాయిరా. నీ బొటనవేలి గుంట ఎప్పుడూ ఎడమపక్కకి కాస్త వాలి ఉంటుంది. ఇవి చెంచా వెనకభాగంతో ఒత్తినట్టున్నాయి. నాకు కళ్లు కూడా పోతున్నాయా ఏంటి?

అక్క

•

బేకరీ పైగది,
చూరు కారుతోంది.

అక్కా,

చెంచా లేదు, గించా లేదు. నీ కళ్లు చూపించుకో.

మిషన్ మీద చేసినట్టున్నాయి కాబట్టి వద్దా? జిరాక్సు ఈ మాట చదివి వినిపిస్తే మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది. మూడోసారి తనే నవ్వింది. అద్దె పెంచుతానన్నాను, నవ్వు ఆపింది.

వంకరగా ఉంటే మనిషి చేశాడనా? మనిషి పుట్టిందే వంకర తీయడానికి కదా! నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు వంకర బిస్కెట్ చేస్తే దాన్ని వాళ్ల చేతే తినిపించి, ఆ రోజు కూలి లేదని పంపేవాణ్ణి. అంటే వాళ్లంతా గొప్పవాళ్లు, నేను వెర్రివాణ్ణి. రేపు ఈ అబ్బబ్బ కొత్త చొక్కాకి చిరుగు పెట్టించి అమ్ముతుంది. ఏంటీ? జిరాక్సు అంటోంది, ఇప్పటికే అమ్ముతున్నారట. అది కూడా రాయి, మా అక్క తెలుసుకోవాలి.

మనిషి చెయ్యి కావాలా ఆవిడకి? ఇదిగో, ఇంకో డబ్బా పంపుతున్నా. వీటిని నేనొక్కణ్ణే చేశాను. ఎవరినీ గడప దాటి రానివ్వలేదు. అచ్చు పెట్టలేదు, గిన్నె బోర్లించలేదు, ఉట్టి చేతుల్తో చేశాను. పళ్లెం మీదకి చూస్తే నాకే సిగ్గేసింది. బేకరీ ఉన్న రోజుల్లో ఇవి కుక్కకి కూడా వేసేవాణ్ణి కాదు, అది మన వీధి కుక్క, దానికీ పరువుంది. ఆవిడ మొహాన కొట్టు. గొంతులో అడ్డం పడితే నీళ్లు ఇవ్వకు.

పిచ్చుకకి మాత్రం చూపించకు. ఆ డబ్బా దాని కంట పడకూడదు. ఇది మరిచిపోకు.

నీ తమ్ముడు

•

కొడుకు ఇల్లు, వంటింటి పక్క గది,
వాన తెరిపిచ్చింది.

తమ్ముడూ,

నువ్వు తిట్టి పంపిన డబ్బాకి ఏమైందో విను.

ఒక బిస్కెట్ చెవిలా ఉంది. ఒకటి ఎవరో తొక్కిన ఆకులా ఉంది. ఇంకోటి ఏమిటో దానికే తెలియనట్టుంది. అబ్బబ్బ మూత తీసి ముందు ఊపిరి బిగబట్టింది, తరవాత ‘అబ్బబ్బబ్బబ్బ!’ అంటూ కుర్చీలోంచి లేచింది. వాటిని కిటికీలో పెట్టి, పక్కన ఒక చిరిగిన గోనెగుడ్డ పరిచి, ఫొటోలు తీసింది. ‘ఇదీ మనిషి చెయ్యి! మా వాళ్లకి ఎంత చెప్పినా ఈ వంకర రావడం లేదు! ఎలా చేశారండీ?’ అని నన్నడిగింది. మా తమ్ముడికి తిక్క రేగితే అలా వస్తుందన్నాను. నా కోడలు అప్పుడే ఇద్దరికి ఫోన్ చేసి, ‘మావాళ్ల ఇంట్లో తరాలుగా ఇలాగే చేస్తారు’ అని చెప్పేసింది. నీ పరువు తరాలుగా పోయింది.

కాబట్టి ఒప్పుకున్నారు. నువ్వు గెలిచావు. ఇక్కడిదాకా నవ్వుకో.

ఇంతలో పిచ్చుక వచ్చింది. నువ్వు చూపించొద్దన్నావు, నిజమే, కానీ అది వచ్చేసరికి ఫొటోల కోసం ఇల్లంతా బిస్కెట్లే పరిచి ఉన్నాయి. ఒకటి తీసుకుంది. ఇటు చూసింది, తిప్పి అటు చూసింది. ‘నాన్నమ్మా, ఒత్తు ఏది?’ అంది.

అప్పటిదాకా నేను కూడా చూడలేదురా. గుంట లేదు. జామ్ పైన పూసి ఉంది, అంటించినట్టు. పళ్లెంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తడిమి చూశాను. బట్టని వేలితో చూసే అలవాటు నాది, నీకు తెలుసు. పిండి మీద వేళ్లన్నీ తగిలాయి. అరచెయ్యి కూడా తగిలింది. బొటనవేలు ఎక్కడా తగల్లేదు.

మొదటి డబ్బాలో చెంచా గుంటలు. రెండో డబ్బాలో అసలు గుంటలే లేవు. ‘ఎవరినీ గడప దాటి రానివ్వలేదు’ అన్నావు, అంటే మొదటిసారి వచ్చారన్నమాట. కళ్లజోడు పగిలిందని ఉత్తరాలు ఇంకొకరి చేత రాయిస్తున్నావు. కళ్లజోడు పగిలితే నువ్వు తాడు కట్టుకుని పెట్టుకునే మనిషివి. పైగా ‘అది రాయకు, కొట్టెయ్యి’ అని నువ్వన్నది ఆ పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపింది. నాకు చెవుడే గానీ చదువు వచ్చు.

నీ కుడి చేతికి ఏమైంది? ఎప్పటినుంచి?

పిచ్చుకకి ‘మరిచిపోయి ఉంటాడు’ అన్నాను. అది నా వంక చూసింది. నువ్వు గుంట మరిచిపోతావంటే అది నమ్ముతుందా?

అక్క

•

బేకరీ పైగది,
పొద్దున.

అక్కా,

నా చెయ్యి భేషుగ్గా ఉంది.

జిరాక్సు కలం కింద పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చుంది. రాయదట. తప్పు రాస్తే ఎంత పేరు పోతుందో అబద్ధం రాసినా అంతే పోతుందట. అద్దె పెంచుతానంటే పెంచుకోమంది. ఇల్లు నాది, కాగితం నాది, అబద్ధం నాది, దీనికేం పోయింది?

సరే. రాయి.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున చొక్కా గుండీ పెట్టుకోబోతే బొటనవేలు రానంది. మిగతావి వస్తున్నాయి, అది మటుకు కొత్త అల్లుడిలా బిగుసుకుని కూర్చుంది. సాయంత్రానికి చెయ్యి మొత్తం దానితో చేరింది. డాక్టరు తలకాయ లోపల ఎక్కడో చిన్న నరం తెగిందన్నాడు, చిన్నదే అన్నాడు. పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. నా చేతికి రబ్బరు బంతి! ఎన్ని బస్తాల పిండి పిసికిన చెయ్యి అది. ఆ బంతిని బల్లి మీదకి విసిరాను. తగల్లేదు. ఎడమ చేత్తో విసిరానులే.

మొదటి డబ్బా నేను చెబుతుంటే జిరాక్సు చేసింది. టీ గ్లాసు బోర్లించి కోసింది, చెంచాతో ఒత్తింది. వెన్నా పాళ్లూ నావి. ఆ అబ్బబ్బకి మనిషి చెయ్యి కనపడలేదంటే, అందులో నా చెయ్యి లేనే లేదు మరి. ఆవిడకి తెలియకుండానే నిజం చెప్పింది, అందుకే నాకు అంత ఒళ్లు మండింది. రెండో డబ్బా నాది. నువ్వు చూశావు కదా, అదీ ఇప్పుడు నా చెయ్యి. దాన్ని చూసి ఎగిరి గంతేశారు. నేను నిలబడి చేయించినవి పనికిరాలేదు, చెయ్యి పడిపోయాక చేసినవాటికి గోనెగుడ్డ పరిచి ఫొటోలు తీశారు. నేను గెలిచానా? ఇలాంటి గెలుపు ఆ అబ్బబ్బనే ఇంటికి పట్టుకెళ్లమను.

ఇక నేను రాను. బిస్కెట్ల మాట వదిలెయ్. పెళ్లిలో ఎవరో గ్లాసు చేతికిస్తారు, అది జారుతుంది, అందరూ ‘అయ్యో’ అని లేస్తారు. ఎవరో తుడుస్తారు. ఇంకెవరో భుజం పట్టుకుంటారు. పిచ్చుక దాని పెళ్లి వదిలేసి నా దగ్గరకి వచ్చి నిలబడుతుంది. నాకు అబ్బబ్బ అన్నా సరేగానీ అయ్యో అంటే పడదు.

ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా దానికి. నాకు జ్వరమని చెప్పు. పెళ్లినాటికి కొత్తగా వస్తుందని చెప్పు.

జిరాక్సు ఏడుస్తోంది. అది రాయకు అన్నాను, అయినా రాస్తోంది.

నీ తమ్ముడు

•

కొడుకు ఇల్లు, వంటింటి పక్క గది,
చలి మొదలవుతోంది, పెళ్లి దగ్గరపడింది.

ఒరేయ్,

నేను అయ్యో అనలేదు. ఉత్తరం చదివి నిన్ను నాలుగు తిట్లు తిట్టాను. నా గది తలుపు వేసి ఉంది కాబట్టి ఎవరూ వినలేదనుకుంటున్నాను. చెవిటిదాన్ని, ఎంత గట్టిగా తిట్టానో తెలియదు.

ఇక్కడ జరిగిన వింత చెబుతాను. నువ్వు మళ్లీ చేసి పంపాల్సిన పని లేకుండా అబ్బబ్బే ఏర్పాటు చేసేసింది. నీ బిస్కెట్లలో బాగా వంకరది, ఆ చెవిలాంటిది, దాన్ని పట్టుకెళ్లి అచ్చు పోయించింది. అవునురా, రేకు అచ్చు. నీ వంకరకి అచ్చు! ఇప్పుడు మిషన్ మీద అవే దిగుతున్నాయి. నిన్న ఒక పెట్టె తెచ్చి చూపించింది. అన్నీ చెవులే. అన్నిటికీ ఒకే చోట పగులు, ఒకే పక్క మాడు. నీకు వరస కావాలన్నావు కదా, ఇదిగో, ఇంత వరస నీ జన్మలో నువ్వు కూడా తేలేదు.

పిచ్చుక రెండు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టింది. అంచుకి అంచు కలిసిపోయింది. నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. అబ్బబ్బ మొహం చూడాలి నువ్వు. ‘అతిథులు రెండు ఒకేసారి తీసుకోకుండా చూస్తామండీ’ అంది. ఎలా చూస్తుందో, చేతులు పట్టుకుంటుంది కాబోలు.

తరవాత పిచ్చుక నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. ‘తాత చేతికి ఏమైంది నాన్నమ్మా?’ అంది. నీ ఉత్తరం దిండు కింద ఉంది. నేను ఒక్క ముక్క చెప్పలేదు, ఒట్టు. రోజంతా నోరు తెరవమని జనాన్ని బతిమాలే పిల్ల, నేను నోరు తెరవకుండానే కనిపెట్టేసింది. ‘కుడిదేనా?’ అంది. నేను పైకప్పు చూశాను. ‘సరే, కుడిదే’ అంది.

ఇప్పుడు అది అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నేను కూడా నీ జిరాక్సులా ఏమీ కొట్టెయ్యను.

‘ఆ చెవులు వచ్చినవాళ్లకి పెట్టుకోండి. నాకు ఒక డబ్బా కావాలి, గుంటలున్నది. పోస్టులో వద్దు. తాత వచ్చి ఇక్కడ మన వంటింట్లోనే చెయ్యాలి. కుడి చెయ్యి కుదరకపోతే ఎడమ చేత్తో ఒత్తమను. అదీ కుదరకపోతే మోచేత్తో ఒత్తమను. గుంట ఎంత పెద్దదైతే అంత జామ్ పడుతుంది, నాకేం నష్టం?’

ఇది అనేటప్పుడు దాని మొహంలో జాలి ఏమన్నా ఉందేమోనని కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను. లేదురా. తిండిపోతు మొహం, అంతే. చిన్నప్పుడు డబ్బా మూత తీసేటప్పుడు పెట్టే మొహమే.

వస్తావో రావో నీ ఇష్టం. గ్లాసు జారితే జారనీ. నేను కుట్టిన వంకర గుడ్డలు ఇల్లంతా ఉంటాయి, తుడవడానికి అంతకన్నా పనికొచ్చేవి లేవు.

జవాబు మాత్రం నువ్వే రాయాలి. నీ చేత్తో, ఏ చేత్తో అయినా సరే. జిరాక్సు రాసింది వస్తే కవరు చింపను. ఒత్తులున్న ఉత్తరం నా తమ్ముడిది కాదు.

అక్క

•

పైగది

అకా

ఇది జిరాకు రాసింది కాదు. నేనే. ఎడమ చేయి.

వసునాను. బలి రాదట. ఇలు చూసుకుంటుంది.

పిండి నేనే కలుపుతాను. పొయి దగర ఎవరూ నిలబడకూడదు. అబబ అసలు రాకూడదు. వేలు ఎడమది కాబటి గుంట ఈసారి కుడికి వాలుతుంది. పిచుకకి ముందే చెపు. జాం ఎకువ తెపించు.

ఈ కాగితంలో ఒక ఒతు కూడా లేదు చూడు. రాక కాదు. అనీ దాచాను. పెళికి తెసాను.

నీ తముడు